చెలమ నీళ్ళు మరిగించకుండా తాగొచ్చని ట్రెక్ లీడర్లు చెప్పొచ్చా?

వాగుగట్టు:
పోయిన ఆదివారం ఒక ట్రెక్కింగ్ గ్రూపు మీటింగ్‌కి వెళ్ళాను. గ్రూపు పేరు రాయను. నల్లమల అంచున రెండు రోజుల నడక, అదీ ఏప్రిల్‌లో, వచ్చేవాళ్ళలో కొత్తవాళ్ళే ఎక్కువ. నీళ్ళ సంగతేమిటని ఒకమ్మాయి అడిగితే లీడర్ చెప్పిన జవాబు ఇది: "తలా రెండు లీటర్లు తెచ్చుకోండి, అయిపోతే వాగులో చెలమ తవ్వుకుందాం, ఇసుకే వడగడుతుంది, మరిగించే పనే లేదు, చెంచులు తరతరాలుగా తాగుతున్న నీళ్ళే." అందరూ తలలూపారు.

ఇలా చెప్పడం తప్పు అని నా వాదన. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇసుక మట్టిని ఆపుతుంది కాబట్టి నీళ్ళు తేటగా కనిపిస్తాయి, అంతమాత్రాన అవి మంచినీళ్ళు కావు. బ్యాక్టీరియా కొంత ఆగొచ్చు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు అంతకంటే చాలా చిన్నవి, రెండడుగుల ఇసుకలో అవి ఆగిపోతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. నీళ్ళు కుతకుతమని ఒక్క నిమిషం మరిగితే చాలు. 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు అంటారు, మన కొండలకు ఆ లెక్క అక్కర్లేదు. ఇంత చిన్న పనిని వద్దని చెప్పడం దేనికి?

అమ్రాబాద్ బిడ్డ:
మీ లీడర్ సంగతి నాకు తెలియదు కానీ చెలమ గురించి మీకు తెలిసింది సగమే. ఇసుకలో గొయ్యి తీసి దోసిలి పట్టేస్తే అది చెలమ అయిపోదు. పారే నీటిని ఆనుకుని తవ్వరు, నాలుగడుగులు ఎడంగా గట్టు వైపు తవ్వుతారు, పశువులు దిగే చోటుకు ఎగువన తవ్వుతారు. మొదట ఊరిన నీళ్ళు తోడి పారబోస్తారు. మళ్ళీ ఊరనిచ్చి మళ్ళీ పారబోస్తారు. నలక తేలడం ఆగాకే గుడ్డ వేసి ముంచుకుంటారు, వెళ్ళేటప్పుడు పైన కొమ్మలు కప్పి వెళ్తారు. ఏ వాగులో ఏ నెలలో తవ్వాలో, ఏది ముట్టుకోకూడదో వాళ్ళకు లెక్క ఉంది.

ఇక ఇసుక సంగతి. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరం ఎల్బే నది నీళ్ళు వడగట్టకుండా తాగింది, కలరాతో వేల మంది పోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా అదే నది నీళ్ళు, అదీ హాంబర్గ్ మురికి కలిశాక, ఇసుక గుండా వడగట్టి తాగి చాలావరకు తప్పించుకుంది. ఇసుకను చులకన చేయకండి.

తిరుపతి నడక:
మంచి చర్చ. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం పోయేటప్పుడు ఇదే ప్రశ్న మా వాళ్ళలోనూ వస్తుంది. అప్పుడంటే దేవస్థానం వాళ్ళు దారిలో నీళ్ళు, మజ్జిగ ఇస్తారు కాబట్టి సరిపోతుంది.

వాగుగట్టు:
అమ్రాబాద్ అన్నా, ఆల్టోనా ఉదాహరణ నిజమే, కానీ అది మీ వాదనకు పనికిరాదు. అక్కడ ఇసుక పరుపుల పైన కొన్ని వారాలపాటు ఒక జిగురు పొర పెరుగుతుంది. అందులో ఉండే సూక్ష్మజీవులే రోగక్రిములను తినేస్తాయి, పట్టేస్తాయి. ఆ పొర గీకేస్తే మళ్ళీ పెరిగేదాకా ఆ పరుపు నీళ్ళు వదలరు. పొద్దున తవ్విన గోతిలో ఆ పొర ఎక్కడిది? ఇంజనీరింగ్ చదివినవారికి ఇది నేను చెప్పాలా?

అమ్రాబాద్ బిడ్డ:
చెప్పనక్కర్లేదు, తెలుసు. వాగు అడుగున ఇసుక నేను పొద్దున తెచ్చి పోసింది కాదు, ఏళ్ళ తరబడి నీటిలో ఉన్నదే, దానిలో సూక్ష్మజీవులు ఉండవా? పెన్నలో ఊటబావులు తవ్వి ఊళ్ళకు ఊళ్ళే తాగాయి.

వాగుగట్టు:
ఆ ఊటబావుల నీళ్ళలో క్లోరిన్ కలిపే వదులుతారు.

కొత్త బూట్లు:
నా అనుభవం చెప్తాను, ఇక చర్చ అక్కర్లేదు. మొన్న సంక్రాంతి తర్వాత ఒక గ్రూపుతో వెళ్ళాను, వాళ్ళూ ఇలాగే వాగు నీళ్ళు తాగించారు. తిరిగొచ్చిన రెండో రోజే జ్వరం పట్టుకుంది. విడాల్ టెస్టు చేస్తే టైఫాయిడ్ పాజిటివ్. పది రోజులు మంచం మీద, ఆఫీసులో జీతం కోత, ఇంట్లో అమ్మ టెన్షన్ చెప్పక్కర్లేదు. గ్రూపుకి ఫోన్ చేస్తే "మిగతా అందరూ బాగానే ఉన్నారుగా" అన్నారు. ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు. అడవి నీళ్ళు తాగమనేవాళ్ళ మీద కేసు పెట్టాలి.

అమ్రాబాద్ బిడ్డ:
తమ్ముడూ, నీకు జ్వరం రావడం బాధే. కానీ టైఫాయిడ్ బయటపడటానికి మామూలుగా వారం నుంచి మూడు వారాలు పడుతుంది. రెండో రోజే వచ్చిందంటే అది వాగు నీళ్ళది కాదు, అంతకుముందు ఎక్కడో తిన్నదో తాగిందో. నగరంలో రోడ్డు పక్క పానీపూరీ తిని అడవి మీద వేస్తే ఎలా?

కొత్త బూట్లు:
నేను పానీపూరీ తిననే తినను. మీరు డాక్టరా?

అమ్రాబాద్ బిడ్డ:
కాదు. పైన ల్యాబ్ టెక్నీషియన్ గారు ఉన్నారుగా, వారినే అడుగు.

వాగుగట్టు:
అడిగారు కాబట్టి చెప్తాను. రోజుల లెక్క అమ్రాబాద్ అన్న చెప్పింది సరైనదే. పైగా జ్వరం మొదట్లోనే ఒక్కసారి చేసిన విడాల్‌ని నమ్మలేం, మన దగ్గర చాలామందికి పాత యాంటీబాడీలు ఉంటాయి, బ్లడ్ కల్చర్ చేయించాల్సింది. కానీ ఇదే లెక్క అటువైపు కూడా వర్తిస్తుంది కదా. "చెలమ నీళ్ళు తాగాం, సాయంత్రానికి ఏమీ కాలేదు" అని వచ్చి ఇక్కడ రాసేవాళ్ళ మాటకూ విలువ లేదు. హెపటైటిస్ ఎ బయటపడటానికి రెండు వారాల నుంచి ఏడు వారాలు పడుతుంది. అప్పటికి ఎవరి ఇంట్లో వాళ్ళు ఉంటారు, ఆ లీడర్‌కి తెలిసే దారే లేదు. "మా గ్రూపులో ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాట అందుకే వస్తుంది.

కొత్త బూట్లు:
అంటే నాది అబద్ధం అంటారా?

వాగుగట్టు:
మీ జ్వరం నిజం. కారణం ఫలానా వాగు అని నిరూపించలేం అంటున్నాను.

రంప సీమ:
మీరంతా ఇసుక దగ్గరే ఆగిపోయారు. మా పాపికొండల వైపు కొండరెడ్లకు నల్లమద్ది చెట్టు తెలుసు. ఎండాకాలంలో మాను మీద బుడిపెలా ఉబ్బి ఉంటుంది, అక్కడ గాటు పెడితే నీళ్ళు ధారగా వస్తాయి. 2024లో అటవీశాఖ వాళ్ళే గాటు పెట్టి చూశారు, వీడియో అందరూ చూశారు. చెట్టులోంచి వచ్చే నీళ్ళకు మరిగించడాలూ క్లోరిన్ బిళ్ళలూ ఎందుకు?

తిరుపతి నడక:
దయచేసి ఇక్కడ అది నేర్పకండి. ఆ చెట్టు ఎక్కడుందో అటవీశాఖ బయటపెట్టకపోవడానికి కారణమే ఇది. ఈ పోస్టు చదివిన వంద మందీ కనిపించిన ప్రతి మద్దికీ కత్తి పెడితే ఏం మిగులుతుంది? అన్ని మద్దుల్లోనూ నీళ్ళుండవు కూడా. కొండరెడ్లు ప్రాణం మీదికి వస్తే చేసే పని అది, మనం ఫోన్ ముందు పెట్టుకుని చేసే పని కాదు.

ఇంకో మాట. మరిగించండి అని వాగుగట్టు గారు తేలిగ్గా అంటున్నారు, దేనిమీద? అభయారణ్యంలో, దానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఏప్రిల్‌లో నల్లమల అంతా ఎండుటాకు, బోదగడ్డి. చిన్న గ్యాస్ స్టవ్ అయినా అటవీ సిబ్బంది ఒప్పుకుంటేనే. అసలు లోపలికి పోవడానికే అనుమతి కావాలి.

వాగుగట్టు:
తిరుపతి గారి మాట ఒప్పుకుంటాను, కట్టెల మంట వద్దు. అందుకే క్లోరిన్ బిళ్ళలు. ముందు నాలుగు మడతల నూలు గుడ్డతో వడగట్టండి, ఆ తర్వాత బిళ్ళ వేసి అరగంట ఆగండి. బురద నీళ్ళలో క్లోరిన్ సరిగా పనిచేయదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మీద క్లోరిన్ ప్రభావం దాదాపు ఉండదు, దానికి సన్న రంధ్రాల ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్ వైరస్‌ని ఆపదు కాబట్టి రెండూ ఉంటే మేలు. గుడ్డను నేను తక్కువ చేయడం లేదు. బంగ్లాదేశ్‌లో పాత చీరను మడతలు పెట్టి వడగట్టిస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వచ్చిన పరిశోధన ఉంది. పాత పద్ధతి అని నేను దేన్నీ తోసేయను, పరీక్షకు నిలబడితే చాలు.

పాలమూరు పిల్ల:
చిల్లగింజ అరగదీసి కలిపితే సరిపోదా? మా నాయనమ్మ చేసేది.

వాగుగట్టు:
మట్టి అడుగుకు దిగుతుంది అమ్మా, క్రిములు చావవు. బిళ్ళ వేసే ముందు పనికి బాగుంటుంది.

అమ్రాబాద్ బిడ్డ:
"పరీక్షకు నిలబడితే చాలు" అట. ఎవరి పరీక్ష? చెంచులు ఆ నీళ్ళతో ఎన్నో తరాలు బతకడం పరీక్ష కాదా? ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్ ఎండలో రెండు లీటర్లు అయిపోయాక, బిళ్ళలు బ్యాగు అడుగున ఉన్నాయనో, అరగంట ఆగాలనో, నీళ్ళు అనుమానమనో తాగకుండా నడిస్తే సాయంత్రం లోపు వడదెబ్బ కొడుతుంది. మీ హెపటైటిస్ ఏడు వారాలకు వస్తుందేమో, వడదెబ్బ గంటల్లో మనిషిని తీసుకుపోతుంది. నీళ్ళంటే భయం పెట్టే మీలాంటివాళ్ళ వల్లే ఎండలో పడిపోతారు.

వాగుగట్టు:
తాగొద్దని నేనెక్కడ అన్నాను? ఏమీ దొరకనప్పుడు ఏ నీళ్ళైనా తాగాల్సిందే, అది ప్రాణం సంగతి. నేను అడుగుతున్నది ముందే ఇంట్లో కూర్చుని వేసుకునే ప్లాన్ గురించి. డబ్బు తీసుకుని జనాన్ని తీసుకెళ్ళేవాడు ఎండాకాలంలో తలా రెండు లీటర్లతో బయల్దేరమనడమే తప్పు.

చెంచుల మాట మీరు పదే పదే తెస్తున్నారు కాబట్టి చెప్తాను. వాళ్ళు చెలమ నీళ్ళు తాగేది అవి గొప్పవని కాదు, పెంటకు, అంటే వాళ్ళ గూడేనికి, కొళాయి లేక. వానాకాలం వస్తే పెంటల నుంచి విరేచనాలతో పిల్లల్ని ఎత్తుకొస్తారు, నేను పనిచేసే చోట ఆ శాంపిళ్ళు నా చేతి మీదుగానే వెళ్తాయి. లేమిని విద్య అని పిలిచి మనం మురిసిపోవడం నాకు నచ్చదు.

అమ్రాబాద్ బిడ్డ:
వచ్చిందా అసలు మాట. ఇంతసేపూ ఇసుక, పొర, వైరస్ అన్నావు, కడుపులో ఉన్నది ఇది. వాళ్ళకేమీ తెలియదు, గతిలేక తాగుతున్నారు, అంతేనా? ఏ కొండలో ఏ నెలదాకా నీరు ఊరుతుందో, ఏ జంతువు ఏ చోట దిగుతుందో, ఆకు చూసి కింద తడి ఉందో లేదో చెప్పే మనిషికి విద్య లేదంటావా? నీ ల్యాబ్‌లో ఏ పుస్తకంలో ఉంది అది?

మా ఊరి పక్క పెంట నుంచి ఒక పెద్దాయన్ని ఒక గ్రూపు దారి చూపమని తీసుకెళ్ళింది. ముందు నడిచింది ఆయన, నీళ్ళు చూపింది ఆయన, రాత్రి కాపలా ఉన్నది ఆయన. చేతిలో పెట్టింది ఉపాధి కూలి కంటే తక్కువ. ఆయన ఫోటో మాత్రం వాళ్ళ పేజీలో ఇప్పటికీ ఉంది. రెండోసారి ఆయన్ని పిలవలేదు, దారి జీపీఎస్‌లో ఎక్కించుకున్నారుగా. ఇప్పుడు నువ్వొచ్చి ఆయనకున్న ఆ ఒక్క తెలివినీ లేమి అంటున్నావు.

మోడరేటర్:
ఇద్దరూ "మీరు" దగ్గరే ఉండండి. వ్యక్తిగత మాటలు వద్దు.

వాగుగట్టు:
ఆ పెద్దాయనకు జరిగింది అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. ఆయనకు తెలివి లేదని నేను అనలేదు. ఆయన మనవడికి విరేచనాలు వస్తే నేను చూస్తున్నాను అంటున్నాను. రెండూ ఒకే మనిషి ఇంట్లో ఉన్నాయి.

ఒకటి ఆలోచించండి. నేను మీటింగ్‌లో చూసిన లీడర్‌తో చెంచు మనిషి ఎవరూ లేరు. చెలమ ఎక్కడ తవ్వాలో, ఎన్నిసార్లు తోడాలో మీరు పైన రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా ఆయన చెప్పలేదు. చెంచుల పేరు మాత్రం వాడుకున్నాడు. మీ కోపం నా మీద కంటే ఆయన మీద ఉండాలి.

అమ్రాబాద్ బిడ్డ:
ఆయన మీద కూడా ఉంది. చెంచు లేకుండా చెలమ మాట ఎత్తేవాణ్ణి అడవిలోకి రానివ్వకూడదు. కానీ మీ మందు వేరు, నా మందు వేరు. మీరు బిళ్ళలు పంచి ఆ పెద్దాయన అవసరమే లేకుండా చేస్తారు. నేనంటాను, ప్రతి గ్రూపూ స్థానిక మనిషిని సరైన కూలి ఇచ్చి తీసుకెళ్ళాలి, ఏ నీళ్ళు ఎలా తాగాలో ఆయనే చెప్పాలి.

తిరుపతి నడక:
నల్లమలలో జరిగే సలేశ్వరం జాతర సంగతేమిటి మరి? చైత్ర పౌర్ణమికి అన్ని వేల మంది ఆ లోయలోకి దిగి స్నానాలు చేస్తారు. అప్పుడు ఆ నీళ్ళు చెంచులకు మాత్రం పాత నీళ్ళేనా?

అమ్రాబాద్ బిడ్డ:
కాదు. ఆ రోజుల్లో ఆ దిగువన తవ్వొద్దని వాళ్ళే చెప్తారు. అడిగేవాళ్ళు ఉండాలి.

వాగుగట్టు:
సరే, నేను ఆ గ్రూపుకి రాయబోయేది ఇది, చూసి చెప్పండి. ఒకటి, ఎండాకాలం రోజుకు తలా నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా నీటి ఏర్పాటు ముందే ఉండాలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వేరే. రెండు, దారిలో దొరికిన నీళ్ళు ఎవరు చూపినవైనా వడగట్టి, బిళ్ళ వేసి లేదా ఫిల్టర్ చేసి తాగాలి. మూడు, స్థానిక గైడ్ తప్పనిసరి, కూలి ఎంతో ముందే కాగితం మీద ఉండాలి.

పాలమూరు పిల్ల:
మూడోది మొదట పెట్టండి.

అమ్రాబాద్ బిడ్డ:
ఒకటి, మూడు సరే. రెండోదాంట్లో "ఎవరు చూపినవైనా" తీసేయండి. అది ఉంటే నా పేరు పెట్టొద్దు.

వాగుగట్టు:
అది తీయను. మీ పేరు లేకుండానే పంపుతాను.