ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేసినవారు ఎవరైనా ఉన్నారా?

పల్లపుచేను:
హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తయారు చేసి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని ఈ ఖరీఫ్‌లో రెండెకరాల్లో వేద్దామని ఉంది. ఎండాకు తెగులును నిజంగా తట్టుకుంటుందా? నికరమైన విత్తనం ఎక్కడ దొరుకుతుంది? మిల్లువాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తారా? వేసినవారే చెప్పండి. పేపర్లో వచ్చినవి నేనూ చదివాను.

గట్టుమీద:
రెండుసార్లు వేశాను. మొదటి ఏడు గాలివాన వెలిసిన వారానికి పక్క చేలో మామూలు బీపీటీ, అదే పాత సాంబ మసూరి, ఆకులు కొసల నుంచి అంచుల వెంట గడ్డిరంగుకు తిరిగాయి. పక్కాయన పొటాష్ లోపం అన్నాడు. ఆకు ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్లు పోసి ముంచాం. కోసిన చోటి నుంచి పల్చటి పాలలాంటి ధార కిందికి దిగింది, ఎండాకు తెగులు బ్యాక్టీరియా అదే. నా మడిలో ఆకు తెచ్చి ముంచితే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆయన ఆ సీజనులో మూడుసార్లు మందు కొట్టాడు. ఈ తెగులు ముదిరాక మందు పెద్దగా పనిచేయదని అమ్మేవాడికీ తెలుసు.

ధర సంగతి అడక్కండి. గింజ చూస్తే తేడా తెలియదు కదా, మిల్లులో "బీపీటీయేగా" అని అదే ధర కట్టారు.

జీవధాన్యం:
అడవి వరి జన్యువు ఎక్కించిన విత్తనం గురించేనా ఇదంతా? మా ఇంట్లో జన్యుమార్పిడి బియ్యం గడప దాటనివ్వం.

మూలవిత్తనం:
ముప్పై ఏళ్లు విత్తనాల పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఎవరూ ఎక్కించలేదు. ఎండాకును తట్టుకునే ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఆఫ్రికా అడవి వరి నుంచి సంకరం ద్వారానే సాగు వరిలోకి వచ్చింది. దానితోపాటు అలాంటివే ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 కూడా ఉన్న రకంతో బీపీటీ 5204ను కలిపి, పుట్టిన మొక్కల్ని మళ్లీ మళ్లీ బీపీటీతోనే కలుపుతూ వచ్చారు. ప్రతి తరంలోనూ ఆ మూడూ ఉన్న మొక్క ఏదో డీఎన్ఏ పరీక్షతో గుర్తుపట్టి ఏరుకున్నారు. అంతే.

జీవధాన్యం:
డీఎన్ఏ పరీక్ష అని మీరే అంటున్నారు, మళ్లీ అంతే అంటున్నారు.

మూలవిత్తనం:
రక్తపరీక్ష చేయించుకుంటే మనిషి జన్యువులు మారిపోతాయా? తెలియకపోతే అడగండి, తప్పులేదు. తెలియకుండా భయపెట్టకండి.

జీవధాన్యం:
ముప్పై ఏళ్లు విత్తనాలు అమ్మినవారు అమ్మకం మాటలే చెబుతారు.

మూలవిత్తనం:
అమ్మితే హైబ్రిడ్ అమ్ముకునేవాణ్ణి! హైబ్రిడ్ అయితే రైతు ఏటా దుకాణానికి వస్తాడు. ఇది సూటి రకం, ఒకసారి కొన్నవాడు కొన్నేళ్లపాటు సొంత విత్తనమే కట్టుకుంటాడు. మరి దీన్ని భుజాన వేసుకుని ఊరూరా ప్రచారం చేసే వ్యాపారి ఎక్కడ దొరుకుతాడు?

చింతచిగురు:
మా ఆయనకు షుగర్. ఈ బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 51 లోపే అని చదివి, "షుగర్ బియ్యం" అని బోర్డు పెట్టిన కొట్లో మామూలు సన్నబియ్యం కన్నా ఎక్కువ పెట్టి సంచి తెచ్చాం. తిన్న రెండు గంటలకు చూస్తే 240! ఏ పరిశోధన అండీ ఇది?

మెట్టవేదాంతి:
ఎన్నిసార్లు వడ్డించుకున్నారు?

చింతచిగురు:
ఏమీ కాదన్నారు కదా అని మూడుసార్లు. అదా మీ ప్రశ్న?

మెట్టవేదాంతి:
అదేనమ్మా. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క, నిజమే. కానీ వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండి పదార్థమే. చక్కెర నెమ్మదిగా ఎక్కుతుందంటే ఎక్కదని కాదు. పైగా ఆ సంచిలో ఉన్నది ఆ బియ్యమేనని కొట్టువాడి మాట తప్ప సాక్ష్యం ఏముంది? పైన గట్టుమీద గారు చెప్పారుగా, మిల్లువాడే గుర్తుపట్టలేదు.

గట్టుమీద:
గింజ చూసి కాకపోయినా మిల్లువాడికి తెలుసండీ. ధర కట్టేటప్పుడే మర్చిపోయాడు.

మానేరు:
షుగర్‌కైతే తెలంగాణ సోనా తినండి. ఆర్‌ఎన్‌ఆర్ 15048, 2015లో వచ్చింది. అదీ 55 లోపే. నాలుగు నెలల్లో చేతికి వస్తుంది. మీ సాంబ ఐదు నెలలు నీళ్లు తాగుతుంది.

గట్టుమీద:
ఐదు నెలలు పాత సాంబకు. ఇది ఓ వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. మీ సోనా అగ్గితెగులును తట్టుకుంటుంది, నేను కాదనను. మాకు కాలువ కింద అసలు శత్రువు ఎండాకు. ఎవరి చేనుకు ఏ రోగమో చూసుకోవాలి కదా.

కుంటినడక:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ల్యాబులో పుట్టినవి జనం దాకా రావు అని అందరూ అంటారు, నాకు ఒకటి వచ్చింది. చిన్నప్పుడు పోలియో. కాలికి ఆసరాగా కట్టే ఇనుప కాలిపర్ మూడు కిలోల పైనే. సాయంత్రం తోలుపట్టీ విప్పితే కింద చర్మం ఎర్రగా కమిలి ఉండేది. 1990ల్లో అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థంతో కలాం గారి బృందం, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి డాక్టర్లు కలిసి 300 గ్రాముల కాలిపర్ చేశారు. అలాంటిది తొడిగిన రోజు మా అమ్మ నన్ను వాకిట్లో పదిసార్లు అటూ ఇటూ నడిపించింది. రెండేళ్లకు అది చీలింది. బాగుచేసేవారు మా జిల్లాలో లేరు. మళ్లీ ఇనుపదే తొడుక్కున్నాను.

మానేరు:
అయ్యో. ఇప్పుడు?

కుంటినడక:
ఇప్పుడు ప్లాస్టిక్‌ది. బాగానే ఉంది. మీరు వరి కానివ్వండి.

పల్లపుచేను:
షుగరూ తెలిసింది, జన్యువులూ తెలిశాయి. విత్తనం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మూలవిత్తనం:
రాజేంద్రనగర్‌లోనే ముందుగా అడగండి. సంచి మీద చీటీ చూడకుండా కొనకండి.

గట్టుమీద:
నా దగ్గర సొంత విత్తనం ఉంది, కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరి కట్టింది. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనం ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు పేరు మాత్రం పెట్టకూడదు. నలభై కిలోలు ఇస్తాను. మీ ఊరు ఏ కాలువ కిందో విడిగా రాయండి.

జీవధాన్యం:
పురుగు మందు కలిపి దాచారా, వేపాకు వేసి దాచారా?

గట్టుమీద:
వేపాకేనండీ. మీకూ ఓ కిలో పంపమంటారా?