అప్‌డేట్: ఆల్టర్నేటర్ మార్చినా బ్యాటరీ డౌన్ అవుతున్న కారు

షాపువాళ్లు కొత్త ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) వేశాక కూడా బ్యాటరీ డౌన్ అవుతోంది, డబ్బు వెనక్కి అడగొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు వేరే మెకానిక్‌కి చూపించాను. ఇంజన్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ పెడితే ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.4 మాత్రమే. అంటే చార్జింగ్ బ్యాటరీదాకా సరిగ్గా చేరట్లేదు. చూస్తే బ్యాటరీ నెగెటివ్ నుంచి కారు బాడీకి బిగించే ఎర్త్ కేబుల్ చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి బిగించగానే బ్యాటరీ దగ్గర కూడా 14 దాటింది.

ఆ ఫోటోలు పట్టుకుని పాత షాపుకెళ్లాను. ఓనరు ముందు గయ్యిమన్నాడు. "తీసేసిన పాత ఆల్టర్నేటర్ ఇవ్వండి, అది నిజంగా పాడైందో లేదో టెస్ట్ చేయిస్తాను" అనేసరికి మెత్తబడ్డాడు. అది పారేశారట! (అంత బరువైన వస్తువును ఎవరు పారేస్తారండీ?) లేబర్ చార్జీ వెనక్కి ఇచ్చారు, పార్టు డబ్బు మాత్రం ఇవ్వం అన్నారు. కొత్త ఆల్టర్నేటర్ వారంటీ బిల్లు మీద రాయించుకుని వచ్చేశాను.