రక్తం తగలగానే అతుక్కుపోతున్న ఛాతీ గొట్టపు వాల్వు: ఏ పదార్థం వాడాలి?

యుద్ధరంగంలో గాయపడి, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయిన సైనికుడికి 14 గేజి, 8 సెంటీమీటర్ల సూదితో ఆ గాలిని బయటికి వదలడం తొలి చికిత్స. అయితే సూదితోపాటు ఛాతీలోకి దించే సన్నని గొట్టం మడతపడినా, రక్తం గడ్డకట్టి పూడుకుపోయినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తిరుపతిలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతున్న మేము నలుగురం, కాస్త లావు గొట్టానికి బిగించే చిన్న వాల్వును తయారుచేస్తున్నాం. హైమ్లిక్ వాల్వులో లాగే ఇందులోనూ రెండు పలుచని పెదవులు గాలిని బయటికి మాత్రమే వదలాలి.

పొడిగా ఉన్నప్పుడు ఇది 2 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికే తెరుచుకుంటోంది. మాంసం కొట్టు పక్కనే పరికరం పెట్టుకుని, అప్పుడే పట్టిన మేక రక్తాన్ని 5 మిల్లీలీటర్లు పంపితే మాత్రం, 12 నిమిషాలకల్లా పెదవుల అంచుల వెంట, గోరుతో గీస్తే మీగడలా లేచే పొర ఏర్పడి, 14 సెంటీమీటర్ల ఒత్తిడి ఇస్తే తప్ప విడివడటం లేదు.

సిలికోన్‌తో చేసిన ఈ పెదవుల మందాన్ని 0.5 నుంచి 0.3 మిల్లీమీటర్లకు తగ్గిస్తే గాలి వెనక్కి కారింది. సిలికోన్ నూనె పూత మరో ఐదు నిమిషాలే నిలిచింది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు హెపారిన్ పూత పనిచేసింది గాని, అసలే రక్తం కారుతున్న మనిషికి దాన్ని వాడటానికి మాకు మనసొప్పడం లేదు.

హెపారిన్ లేకుండా, రక్తం తగిలిన అరగంట తరువాత కూడా 5 సెంటీమీటర్ల లోపు ఒత్తిడికే తెరుచుకోవాలంటే, ఈ పెదవులను ఏ పదార్థంతో చేయాలి?