రేకుల షెడ్డులో ఆవులు రొప్పుతున్నాయి, మీరేం చేస్తున్నారు?

పాలమూరు_పాడి: అన్నలందరికీ నమస్తే. నావి 8 హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులు (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతితో కలిపినవి), 2 ముర్రా గేదెలు. సిమెంటు రేకుల షెడ్డు, పది అడుగుల ఎత్తు, మూడు వైపులా నిండు గోడ. మధ్యాహ్నం ఒంటిగంట అయితే చాలు, ఆవులు నాలుక బయటపెట్టి రొప్పుతున్నాయి. డొక్క కదలడం లెక్కపెడితే నిమిషానికి 80. పూటకు 62 లీటర్లు వచ్చేవి, ఇప్పుడు 47. ఫ్యాన్లు పెట్టాలా, సన్న తుంపర చల్లే ఫాగర్లా, రేకుల మీద వరిగడ్డి పరవాలా? దూడలకు వేరే షెడ్డు వేయాలా?

గోదారి_గట్టు: ఫాగర్ల జోలికి పోకండి బాబూ. కిందటేడు 12 వేలు తగలేశాను. మాది కోనసీమ, అసలే ఉక్కపోత. షెడ్డంతా మంచు పట్టినట్టయి ఆవులు ఇంకా రొప్పాయి. కింద పేడ తడి ఆరక రెండింటికి పొదుగువాపు. ఇప్పుడా పైపులతో మా ఆవిడ మిరపనారు తడుపుతోంది.

అనంత_డెయిరీ: తప్పు ఫాగర్‌ది కాదు, మీ ఊరి గాలిది. అనంతపురంలో పొడిగాలి. ఫాగర్ వేస్తే షెడ్డులో 4 డిగ్రీలు తగ్గుతోంది, థర్మామీటర్ వేలాడదీసి మరీ చూశాను. పాలమూరూ పొడి నేలే. కోనసీమ కష్టం ఆయన నెత్తిన రుద్దకండి.

గోదారి_గట్టు: నా డబ్బు పోయింది కాబట్టి చెప్పాను. జూన్‌లో మబ్బు పట్టి గాలి ఆగిన రోజు వేసి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

అనుభవం_18ఏళ్ళు: ఇద్దరికీ అసలు సంగతి తెలియదు. 18 ఏళ్ళుగా 40 పశువుల్ని మేపుతున్నాను. సన్న తుంపర వెంట్రుకల మీదే ఆగిపోతుంది. చుక్క పెద్దదై చర్మం దాకా తడవాలి. నీళ్ళు ఒక నిమిషం, ఫ్యాను నాలుగైదు నిమిషాలు, మళ్ళీ నీళ్ళు. ఆ తడి ఆరేటప్పుడే ఒంట్లో వేడి పోయేది. పొదుగు దాకా నీళ్ళు కారనివ్వకూడదు. నా దగ్గర నేర్చుకుని షెడ్లు వేసినవాళ్ళు ఇరవై మంది ఉన్నారు.

ముర్రా_మోజు: ఆ ఇరవై మంది కరెంటు బిల్లు కూడా మీరే కడుతున్నారా సార్? మాకు సరిగ్గా ఒంటిగంటకే కరెంటు పోతుంది. పాపం గేదెల గురించి ఒక్కరూ అడగలేదు. నల్లతోలు, పైగా చెమట గ్రంథులు ఆవుకంటే తక్కువ. 11 నుంచి 3 దాకా చెరువులో దించితే దానికి ఫ్యానే అక్కర్లేదు. హెచ్‌ఎఫ్‌లకి ఏసీలు పెట్టేబదులు ముర్రాలు మేపుకోవచ్చు కదా!

చిత్తూరు_పాలు: వచ్చాడండీ. హెచ్‌ఎఫ్‌ల మీదే ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించాను. నీ ముర్రా ఎండాకాలంలో ఎదకే రాదు, వచ్చినా మూగ ఎద, పైకి ఏ గుర్తూ కనపడదు.

ముర్రా_మోజు: ఏడింటికి నిద్ర లేచేవాళ్ళకు అన్నీ మూగ ఎదలే. నా పాలలో వెన్న 7 శాతం, మీదెంత?

చిత్తూరు_పాలు: వెన్న మాట ఎత్తకు. ఎండలు ముదరగానే మా పాల కేంద్రంలో 3.8 కాస్తా 3.2 అంటారు. ఆవు తగ్గించిందో మిషను తగ్గించిందో ఆ దేవుడికే తెలియాలి.

అనంత_డెయిరీ: ఆవే తగ్గిస్తుందండీ. వేడికి గడ్డి ముట్టదు, దాణా మాత్రం నాకేస్తుంది. పీచు తగ్గితే వెన్న పడిపోతుంది. గడ్డి చీకటి పడ్డాక, మళ్ళీ తెల్లవారుజామున వేయండి. నీళ్ళ తొట్టి నీడలో ఉండాలి. కాగిన నీళ్ళు ఏ ఆవు తాగుతుంది?

కొత్త_రైతు: గడ్డి అంటే గుర్తొచ్చింది, నీళ్ళు లేక వాడిన లేత జొన్న మాత్రం వేయకండి. మా పక్కింటి ఆవు గంటలో చచ్చిపోయింది.

అనుభవం_18ఏళ్ళు: జొన్న చర్చ వేరేచోట పెట్టుకోండి. మూడు వైపులా నిండు గోడ అని ఆయన మొదట్లోనే రాశాడు. నాతో సహా ఎవరమూ చూడలేదు! గాలి ఎటు నుంచి వస్తుంది తమ్ముడూ? గోడల్ని మూడడుగులకు దించు. ఫ్యాన్ల సంగతి ఆ తర్వాత.

గోదారి_గట్టు: ఈ ఒక్కదానికి ఒప్పుకుంటా. రేకుల మీద గడ్డి పరిస్తే పైన పాత వల కట్టండి, లేకపోతే మొదటి గాలివానకే పక్కింటి దొడ్లో ఉంటుంది. బీడీలు కాల్చేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి. అంత ఓపిక లేకపోతే పైన సున్నం కొట్టండి.

పాలమూరు_పాడి: ఆదివారం ఉత్తరం గోడ పగలగొట్టిన అన్నా, రేకుల మీద రెండుసార్లు సున్నం కొట్టించిన. అంతకుముందు మధ్యాహ్నం లోపలి నుంచి రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది, ఇప్పుడు పెట్టి ఉంచొచ్చు. డొక్క 80 నుంచి 64కి వచ్చింది. పాలు 51. గేదెలు మాత్రం నీళ్ళ తొట్టి పక్క కాలువలో పడుకుని లేవనంటున్నాయి. దూడల షెడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు.

ముర్రా_మోజు: చూశారా, గేదెకి తన చోటేదో తెలుసు.

చిత్తూరు_పాలు: కాలువలో పడుకున్న గేదె పొదుగు ఎవరు కడుగుతారో కూడా అడగండి.