అప్‌డేట్: జీఆర్‌ఈ స్కోరు తక్కువే, అయినా స్పీచ్ పాథాలజీ సీటొచ్చింది

జీఆర్‌ఈ స్కోరు తక్కువైతే అమెరికాలో ఎస్‌ఎల్‌పీ (స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీ, అంటే మాట, భాష సమస్యలకు థెరపీ ఇచ్చే కోర్సు) మాస్టర్స్ సీటు కష్టమా అని అడిగాను కదా, వచ్చిందండీ! సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పరీక్ష మళ్లీ రాయలేదు. ఆషా (అమెరికా స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ నిపుణుల సంఘం) వాళ్ల ఎడ్‌ఫైండ్ అనే ప్రోగ్రాముల సెర్చ్ సైట్‌లో వెతికి, జీఆర్‌ఈ అడగని ప్రోగ్రాములకే అప్లై చేశాను. ఇప్పుడవి చాలానే ఉన్నాయి. యూనివర్సిటీ పేజీలో కూడా ఒకసారి సరిచూసుకోండి.

అసలు జాగ్రత్త జీపీఏ దగ్గర. సబ్జెక్టు మళ్లీ చదివి గ్రేడు పెంచుకున్నా, సీఎస్‌డీక్యాస్ (చాలా ప్రోగ్రాములకు ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ సర్వీస్) పాత గ్రేడునూ కలిపే లెక్కేస్తుంది. అలాంటివారికి చివరి 60 క్రెడిట్ల జీపీఏ చూసే ప్రోగ్రాములు మేలు. స్టాటిస్టిక్స్, బయాలజీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సోషల్ సైన్స్, 25 గంటల గైడెడ్ అబ్జర్వేషన్ (నిపుణుల మార్గదర్శకత్వంలో థెరపీని గమనించడం) ముందే పూర్తిచేస్తే అప్లికేషన్‌కు బలం.

ఇండియా డిగ్రీ ఉన్నవాళ్లు కోర్సు వారీ ఎవాల్యుయేషన్‌తోనే (మన మార్కులను ఒక్కో సబ్జెక్టుగా అమెరికా క్రెడిట్లు, గ్రేడ్లలోకి మార్చి ఇచ్చే రిపోర్టు) మొదలుపెట్టండి, ఎక్కువ ఆలస్యమయ్యేది అక్కడే.