ఎస్టోనియా పోలీసు బెటాలియన్లు: దిక్కులేక చేరారా, తెలిసే తోడు నిలిచారా?

నల్లమల:
రెండో ప్రపంచ యుద్ధం మీద మొన్నటి చర్చలో ఒకరు "జర్మన్ల కింద పనిచేసిన ఎస్టోనియా పోలీసు బెటాలియన్ల వాళ్ళను నాజీలనడం అన్యాయం, పాపం వాళ్ళకు వేరే దారి లేదు" అన్నారు. ఇంకొకరు "అందరూ హంతకులే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండూ నాకు మింగుడుపడలేదు. అందుకే విడిగా పెడుతున్నాను.

1940 జూన్‌లో సోవియట్ సైన్యం బాల్టిక్ సముద్రతీరపు చిన్న దేశం ఎస్టోనియాలో దిగింది, ఆగస్టుకల్లా దేశాన్నే కలిపేసుకుంది. 1941 జూన్ 14న దాదాపు 10,000 మందిని, పిల్లాజెల్లాతో సహా, రైలు పెట్టెల్లో కుక్కి తూర్పుకు తరలించారు. ఆ తర్వాత కొన్ని వారాలకే జర్మన్లు వచ్చారు. ఆగస్టు 28న రాజధాని టాలిన్ వాళ్ళ చేతికి చిక్కింది. చాలామందికి వాళ్ళు విమోచకుల్లా కనిపించారు. అది అర్థం చేసుకోగలను. ఆ ఊపులోనే స్థానికులతో పోలీసు బెటాలియన్లు తయారయ్యాయి. పేరుకే పోలీసులు. రష్యా, బెలారూస్, ఉక్రెయిన్ దాకా పంపి గెరిల్లాల వేటకూ కాపలాకూ వాడుకున్నారు.

నా ప్రశ్న 36వ బెటాలియన్ గురించి. 1942 ఆగస్టు 7న బెలారూస్‌లోని నొవొగ్రుదోక్ పట్టణంలో అప్పటికి ప్రాణాలతో మిగిలిన యూదుల్లో దాదాపు అందరినీ పోగుచేసి కాల్చి చంపారు. అందులో ఈ బెటాలియన్ పాల్గొంది. ఇది సోవియట్ ప్రచారం కాదు. స్వతంత్ర ఎస్టోనియా అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి 1998లో వేసిన అంతర్జాతీయ కమిషన్ తేల్చిన మాట. దానికి అధ్యక్షత వహించింది ఫిన్లాండ్ దౌత్యవేత్త మాక్స్ యాకొబ్సన్.

సైబీరియాకు తోలిందెవరు? స్టాలిన్ ప్రభుత్వం. నొవొగ్రుదోక్ యూదులు వీళ్ళకేం చేశారు?

తూర్పుగాలి:
నల్లమల గారూ, ఈ రోజు ఇంట్లో కూర్చుని ఆ తీర్పు చెప్పడం తేలిక. ఏడాదిలోనే దేశం పోయింది, తండ్రినో అన్ననో ఎత్తుకెళ్ళారు, ఎర్రసైన్యం మళ్ళీ వస్తుందన్న భయం. ఎదురుగా తుపాకీ ఇచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. అది తీసుకున్న 20 ఏళ్ళ పల్లెటూరి కుర్రాడికి హిట్లర్ సిద్ధాంతాలేం తెలుసు?

ఇంకో మాట. యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన నురెంబర్గ్ కోర్టు తీర్పు ఎస్ఎస్‌ను (నాజీ పార్టీ సాయుధ దళాన్ని) నేరస్థ సంస్థగా ప్రకటించినప్పుడు కూడా, బలవంతంగా చేర్చుకోబడి నేరాల్లో పాల్గొననివాళ్ళను మినహాయించింది. 1950లో అమెరికా శరణార్థుల కమిషన్ ఎస్టోనియా లాంటి బాల్టిక్ దేశాల ఎస్ఎస్ దళాలను జర్మన్ ఎస్ఎస్ నుంచి వేరుగా చూడాలని చెప్పింది. అమెరికా వాళ్ళకున్నపాటి వివేచన మనకుండదా?

సింగరేణి_వెలుగు:
తూర్పుగాలి గారి మాటలో ఒకటి నిజం. అక్కడ ఏ వైపు నిలబడాలో చాలామంది చేతిలో లేదు. 1941లో 30,000 మందికి పైగా ఎస్టోనియన్లను ఎర్రసైన్యం పేరుతో రష్యాకు తీసుకెళ్ళారు, వాళ్ళలో చాలామంది ముందు కూలి దళాల్లో ఆకలికీ చలికీ పోయారు. మిగిలినవాళ్ళతో ఎర్రసైన్యంలోనే ఎస్టోనియన్ కోర్ అనే పెద్ద దళం కట్టారు. 1944 సెప్టెంబర్‌లో పోర్కుని దగ్గర ఈ కోర్‌కూ జర్మన్ సైన్యం వైపు ఉన్నవాళ్ళకూ పోరు జరిగింది. రెండు వైపులా ఎస్టోనియన్లున్నారు. ఏ తల్లి ఏ కొడుకు కోసం ఏడవాలి?

నల్లమల:
తూర్పుగాలి గారూ, మీరు చెప్పిన మినహాయింపు నిజమే. కానీ దాన్ని ఎవరికి వర్తింపజేస్తున్నారో చూడండి.

నిర్బంధంగా అందరినీ పిలిచింది 1944 తొలి నెలల్లో. అప్పుడు మాజీ ప్రధాని యూరి ఉలుయోత్స్ స్వయంగా రేడియోలో మాట్లాడి రండని పిలుపునిచ్చాడు. సరిహద్దు దాకా వచ్చిన ఎర్రసైన్యాన్ని ఆపాలని వెళ్ళిన ఆ కుర్రాళ్ళు వేరు. వాళ్ళకు మీ వాదన నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. నొవొగ్రుదోక్ జరిగింది 1942 ఆగస్టులో. అది ఎస్టోనియాకు వందల కిలోమీటర్ల దూరం. అక్కడ కాపాడుకోవడానికి సొంత ఊరు లేదు, ఎదురుగా ఎర్రసైన్యమూ లేదు. ఆయుధం లేని మనుషులున్నారు, అంతే.

అదే బెటాలియన్‌ను ఆ ఏడాది చివర్లో స్టాలిన్‌గ్రాడ్ వైపు యుద్ధానికి పంపారు. వాళ్ళను వీరులని చెప్పేవాళ్ళు అక్కడి నుంచే కథ మొదలుపెడతారు. ఆగస్టు నుంచి మొదలుపెట్టమంటున్నాను నేను.

గోదావరి_లంక:
క్లోగా గురించి ఎవరూ రాయలేదే? 1943లో లిథువేనియాలోని విల్నా, కౌనస్ ఘెట్టోల (యూదులను నిర్బంధించిన పేటల) నుంచి వేలమంది యూదులను ఎస్టోనియాకు తెచ్చి, వైవరా ప్రధాన శిబిరమూ దాని కింది శిబిరాల్లో పెట్టారు. చాలామందికి నూనెరాయి గనుల్లో చాకిరీ. క్లోగా కూడా ఆ శిబిరాల్లో ఒకటి. అక్కడ కాపలా కాసింది 287వ పోలీసు బెటాలియన్.

1944 సెప్టెంబర్ 19న, సోవియట్ సైన్యం దగ్గర పడుతుండగా, మిమ్మల్ని జర్మనీకి తరలిస్తున్నామని చెప్పి ఖైదీలను వరుసల్లో కూర్చోబెట్టారు. వాళ్ళలోంచే కొందరితో అడవికి దుంగలు మోయించారు. ఆ దుంగలు చితులకు. ఒక వరుసను దుంగల మీద బోర్లా పడుకోబెట్టి కాల్చడం, పైన మళ్ళీ దుంగలు పేర్చడం, మళ్ళీ ఇంకో వరుస. ఆ రోజు దాదాపు 2,000 మంది పోయారు. ఆజ్ఞ జర్మన్లదే. కానీ చుట్టూ కాపలా నిలబడితేనే కదా ఆ పని సాగేది? నేను కాల్చలేదు, కాపలా మాత్రమే కాశాననే మాట నా చెవికి ఎక్కదు.

తూర్పుగాలి:
క్లోగాను ఎవరు సమర్థిస్తారండీ? నేను అడుగుతున్నది సాక్ష్యం గురించి. పాతిక దాకా బెటాలియన్లుంటే ఒకటి రెండింటి పాపం అందరికీ అంటగట్టడమేంటి? ఈ కేసులన్నీ మొదట నడిపింది సోవియట్ కోర్టులు. 1962 జనవరిలో ఎస్టోనియాలోని తార్తు నగరంలో యుద్ధ నేరాల విచారణ జరిగితే, దాని తీర్పు వార్త మాస్కో న్యాయ పత్రికలో అంతకుముందే, 1961 డిసెంబర్ సంచికలోనే అచ్చయిపోయింది. విచారణకు ముందే తీర్పు! అలాంటి కోర్టు కాగితాలు పట్టుకుని ఎవరి మీదైనా ముద్ర వేస్తారా?

నల్లమల:
ఆ అచ్చు సంగతి నిజం, సిగ్గుచేటు కూడా. కానీ కథ అక్కడితో ఆగలేదు. ఆ విచారణలో నిందితుల్లో ఒకడు తార్తు నిర్బంధ శిబిరం అధికారి కార్ల్ లిన్నాస్. అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నాడు, అందుకే అతను లేకుండానే శిక్ష వేశారు. తర్వాత అమెరికా కోర్టే సాక్ష్యాలు తను విడిగా పరిశీలించి 1981లో పౌరసత్వం రద్దు చేసింది. 1987లో సోవియట్ యూనియన్‌కు పంపేశారు, అదే ఏడాది లెనిన్‌గ్రాడ్‌లో చనిపోయాడు. సోవియట్ కోర్టు దొంగ నాటకం ఆడినంత మాత్రాన తార్తు దగ్గర ట్యాంకులను ఆపడానికి తవ్విన కందకంలో, ఆ శిబిరం ఖైదీలను చంపి పడేసిన చోట, శవాలు లేకుండా పోవు.

అందరికీ అంటగట్టొద్దన్నారు. నేనూ అదే చెప్తున్నాను. ఇంకో ముఖ్యమైన తేడా కూడా ఉంది. ఎస్టోనియాలోనే మిగిలిపోయిన సుమారు 1,000 మంది యూదులను 1941లో చంపింది ఈ బెటాలియన్లు కాదు. జర్మన్ అధికారి జాండ్‌బెర్గర్ అజమాయిషీలో ఎస్టోనియన్ రాజకీయ పోలీసులు, ఒమకైత్సె అనే స్థానిక రక్షక దళం. మనిషి మనిషికీ విడిగా ఫైలు తెరిచి, ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుని, సంతకం తీసుకుని మరీ చంపారు. వైద్యుడు, విద్యార్థి, ముసలమ్మ, అందరికీ ఫైలుంది. ఆ కాగితాలు చదివితే "కుర్రాళ్ళకేం తెలుసు" అనే మాట నోటికి రాదు.

బాల్టిక్_తీరం:
హెల్సింకీలో ఉంటాను, ఓడెక్కితే టాలిన్ రెండు గంటలు. అక్కడ మార్యమాయె అనే చోటికి వెళ్ళి చూడండి. సోవియట్ స్మారకం, జర్మన్ సైనికుల శ్మశానం పక్కపక్కనే ఉంటాయి. 2018లో అక్కడే కమ్యూనిస్టు పాలనలో చనిపోయినవాళ్ళ పేర్లతో పెద్ద స్మారకం కట్టారు, 22,000కు పైగా పేర్లు. ఆ నల్లటి గోడల మధ్య నడుస్తుంటే తూర్పుగాలి గారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా 2004లో లిహుల ఊళ్ళో జర్మన్ యూనిఫాం తొడిగిన సైనికుడి శిల్పం పెడితే ప్రభుత్వమే రెండు వారాల్లోపు రాత్రిపూట క్రేన్ పెట్టి తీయించింది. జనం రాళ్ళు రువ్వారు. ఇది వాళ్ళకూ తెగని గొడవే.

గోదావరి_లంక:
మనవాళ్ళ సంగతి కూడా ఎత్తాలి. బోస్ జర్మనీలో కట్టిన ఆజాద్ హింద్ లీజియన్ హిట్లర్ పేరు మీదే ప్రమాణం చేసింది, 1944లో ఎస్ఎస్ యుద్ధ విభాగమైన వాఫెన్ ఎస్ఎస్ కిందకు వెళ్ళింది. మన హైదరాబాద్ అబిద్ హసన్ అక్కడ బోస్ వెంట ఉన్నవాడే. మనం వాళ్ళను నాజీలంటామా?

నల్లమల:
అనను. కానీ ఆ లీజియన్ ఫ్రాన్స్ నుంచి వెనక్కి వస్తూ చేసిందన్న అఘాయిత్యాల మీద ఆరోపణలున్నాయి. అవీ తేల్చాల్సిందే, మనవాళ్ళని వదిలేయకూడదు. కొలత ఒకటే: ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద తుపాకీ ఎత్తారు.

వేరే దారి లేదన్నారు కాబట్టి ఒక పేరు చెప్తాను, ఉకు మాసింగ్. తార్తులో మతశాస్త్ర పండితుడు, కవి. అదే ఊళ్ళో, అదే ఆక్రమణ కింద, ఆయనా భార్య ఎహా కలిసి ఇసిదోర్ లెవిన్ అనే యూదు విద్యార్థిని యుద్ధకాలంలో కాపాడారు. పట్టుబడితే చావే.

తూర్పుగాలి:
మాసింగ్ లాంటివాళ్ళు వేలల్లో ఒకరుంటారు. అందరినీ ఆ కొలతతో కొలిస్తే ఏ దేశమూ నిలబడదు. 36వ బెటాలియన్‌లో ఆ రోజు కాల్పులు జరిపినవాళ్ళ పేర్లు బయటపెట్టండి, వాళ్ళనే తిట్టండి. బెటాలియన్ మొత్తాన్ని అనడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నల్లమల:
పేర్లు అడగడం న్యాయమే. అదే న్యాయం నొవొగ్రుదోక్ వాళ్ళకూ ఇవ్వండి. 1943 సెప్టెంబర్‌లో అక్కడి ఘెట్టోలో మిగిలిన 250 మంది దాకా నేల కింద సొరంగం తవ్వుకుని పారిపోయారు, వాళ్ళలో కొందరు అడవిలో బియెల్స్కీ సోదరుల యూదు గెరిల్లా దళాన్ని చేరి బతికారు. అంతకుముందు ఆగస్టులో ఆ ఊళ్ళో ఏం జరిగిందో చూసినవాళ్ళలో వాళ్ళున్నారు. వాళ్ళు చెప్పింది చదివాక మళ్ళీ రండి, పేర్ల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.