నాకేది నచ్చుతుందో నాకే తెలియడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

పెళ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు డిజైన్ చేస్తుంటాను. పనికి లోటు లేదు. కానీ చేసినవన్నీ వరుసగా పెట్టి చూస్తే ఏ ఒక్కటీ నాది అనిపించదు. ఫోనులో వందల బొమ్మలు దాచుకున్నాను. ఈ రోజు నచ్చింది వారం తిరిగేసరికి వెగటు పుడుతుంది. మీ అభిరుచి ఫలానా అని మీకెలా తెలిసింది? ఏమి చూడాలి?

జవాబు 1

నేను పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తాను. బొమ్మలు పోగేయడం కొన్నాళ్లు ఆపండి. ఒక్కదాని దగ్గర కూర్చోండి, అది ఎలా తయారవుతుందో చివరిదాకా చూడండి.

నాకు ఆ ఒక్కటి శ్రీకాళహస్తి కలంకారీ. చీరల మీద ఎన్నోసార్లు చూశాను, పెద్దగా పట్టించుకోలేదు. పని జరిగేచోట చూశాక మాత్రం కదలబుద్ధి కాలేదు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో తడిపి ఆరబెట్టిన గుడ్డ. ఆ పాల జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసి పులియబెడితే వచ్చే రసమే నలుపు. వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కే కొద్దీ ఆ రసం మొనకు దిగుతుంది. గుడ్డలోని కరక్కాయ తగలగానే గీత నల్లబడుతుంది. ఇక చెరపడం కుదరదు. నొక్కు ఎక్కువైన చోట గీత లావెక్కుతుంది, వదిలిన చోట సన్నబడుతుంది. దేవత కనుబొమ మీద ఆ తేడా చూడండి!

నాకు కావలసింది ఆ గీత అని అప్పుడు తెలిసింది. అంతకుముందు కలంకారీ రంగులు ఇష్టమనుకునేదాన్ని. బాపు అక్షరాలు ఎందుకు ఇష్టమో, లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల నల్లని అంచులు ఎందుకు ఇష్టమో కూడా అప్పుడే అర్థమైంది. మూడింటికీ ఒకదానితో ఒకటి పొత్తు లేదు. నన్ను లాగిన గుణం మాత్రం ఒకటే. మీరు దాచుకున్న వందల బొమ్మల్లోనూ అలాంటిదేదో ఉండి ఉంటుంది.

జవాబు 2

నన్ను పట్టుకున్నది రంగే. చిత్రకారుడు తోట వైకుంఠం బరోడాలో మరో పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. పేరు తెచ్చిపెట్టినవి మాత్రం తెలంగాణ పల్లె స్త్రీల బొమ్మలు: పెద్ద బొట్టు, ముదురు ఎరుపు, కాషాయం, భుజం మీద చిలుక. దూరం వెళ్లి చదివినా ఆయన రంగులు సొంత నేలవే. అందుకే అంటున్నాను, ఊరూరా తిరిగే ముందు మీ ఇంట్లో బీరువా తెరిచి చూడండి. మీ అమ్మగారు ఏరికోరి కొన్న చీరల్లో ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో రాసుకోండి. నచ్చనివి కూడా రాయండి, ఎందుకు నచ్చలేదో ఒక్క వాక్యంలో.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు పెడన దగ్గర. కానీ అక్కడి కలంకారీ చేత్తో గీసేది కాదు, చెక్క అచ్చులతో అద్దేది కదా, మీరు చెప్పిన గీత దొరుకుతుందా?

జవాబు 1

దొరుకుతుందండీ. అద్దేవారికంటే ముందు అచ్చు చెక్కేవారి దగ్గరికి వెళ్లండి. టేకు చెక్క మీద అంచు గీతకు ఒక అచ్చు, లోపలి రంగులకు విడివిడిగా అచ్చులు చెక్కుతారు. ఉలి ఎక్కడ ఆగిందో, లత మలుపు ఎక్కడ తిరిగిందో చూడండి. ఫోను సంచిలోనే ఉంచి, పెన్సిలుతో ఒక్క లతను పూర్తిగా గీయండి. గీసింది ఇక్కడ పెట్టండి, మీ చేయి ఎక్కడ దాని దారిన అది పోయిందో నేను చూసి చెబుతాను.